వాగు మధ్య కూర్చున్న కోర్టు

బందరు నుంచి మా పాత ఊరు నూరు మైళ్ళ లోపే ఉంటుంది. ఆ నూరు మైళ్ళు వెళ్ళడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. కాశీ వెళ్ళివచ్చినవారు రాస్తారు, కొలంబో వెళ్ళివచ్చినవారు రాస్తారు. నందిగామ, జగ్గయ్యపేట చూసివచ్చి రాసేవాడిని బహుశా నేనొక్కడినే. నేను ఒక కోర్టు తీర్పు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ కోర్టుకు భవనం లేదు, గుమస్తాలు లేరు, అది చివరిసారి కూర్చుని యాభై ఏళ్ళు కావస్తున్నది.

మా వీధి చివర పఠన మందిరంలో సాయంత్రాలు పత్రికలు చదివేవాళ్ళం అయిదారుగురం ఉన్నాము. యుద్ధం ముగిశాక రాజ్యాలన్నీ కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ న్యాయస్థానం పనికివస్తుందా, రాదా అన్న వాదం మా మధ్య ఏడాదిగా తెగడం లేదు. పదవీ విరమణ చేసిన లెక్కల మేష్టారొకాయన వస్తుందనే పక్షం. నేను రాదనే పక్షం. తీర్పు చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది, దాన్ని అమలు జరపడానికి ఆ కోర్టుకు ఒక్క బంట్రోతయినా లేడు అని నేను అనేవాడిని. ఆ మాట అనడానికి నాకున్న హక్కు తక్కినవారికి లేదని నా నమ్మకం. రెండు రాజ్యాల మధ్య కోర్టులో గెలిచి, గెలిచినందుకే చెడిన కుటుంబం మాది.

ఆ కథ ముందు చెప్పాలి. వేములమెట్ట మా తాతగారి ఊరు. మెట్ట పొలాలు, దివాణం, ముంగిట రెండు పల్లకీలు. ఊరికి పడమట వాగు. వాగుకు ఇవతల ఇంగ్లీషు ప్రభుత్వం, అవతల నైజాం. వాగు నడుమ అరవై ఎకరాల ఒండ్రు మేట ఉండేది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా వాగు దారి మార్చుకుని ఆ మేటను ఒకసారి మా వైపు, ఒకసారి అవతలి ఊరైన గుండ్రాలపాడు వైపు వదిలిపెట్టేది. ఇవతలి కోర్టుకు వెళితే అది మా సరిహద్దులో లేదనేవారు. అవతలి అదాలతుకు వెళితే వాళ్ళూ అదే మాట అనేవారు.

ఇలాంటి తగాదాలకు ఆ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఒక కోర్టు ఉంది. ఇవతలి పెద్దలు ముగ్గురు, అవతలి పెద్దలు ముగ్గురు వాగు ఇసుకలో ఎదురెదురుగా కూర్చునేవారు. సాక్ష్యాలు విన్నాక హద్దులు తెలిసిన మనిషిని ఒకణ్ణి ఎన్నుకుని, ఒక రోజు ఉపవాసం ఉంచి, వాగు నీళ్ళతో తడిపిన మన్ను నెత్తిన పెట్టి నడవమనేవారు. అతను నడిచిన గీతే హద్దు. అయితే ఒక షరతు ఉంది. మూడు పక్షాల లోపల, అంటే నలభై అయిదు రోజుల్లో, అతని ఇంట మనిషి గాని పశువు గాని చస్తే ప్రమాణం అబద్ధమని లెక్క. తీర్పు తిరగబడుతుంది.

మా ఇంట్లో చెప్పుకునే కథలో మన్ను మోసినవాడు మా ఊరి వెట్టివాడే. మా ఉప్పు తిని, అవతలివాళ్ళకు అమ్ముడుపోయి, మేట మొత్తాన్ని వాళ్ళ వైపు వేస్తూ నడిచాడు. నలభై మూడో రోజున వాడి ఎద్దు చచ్చింది. "ఎక్కడో కాదురా, మన చేలోనే వచ్చి పడి చచ్చింది" అని మా నాయనమ్మ ప్రతిసారీ ఆగి మరీ చెప్పేది. దైవం తీర్పు తిరగరాసింది, అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. కొన్నేళ్ళకు అవతలి జాగీర్దారు గుర్రపువాళ్ళను పంపి మేటను లాక్కున్నాడు. మిగిలినదంతా మా నాన్నగారు దరఖాస్తుల మీద పోశారు. నేను బందరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాను.

ఈ కథ నేను పఠన మందిరంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ వేసవిలో ఒక సాయంత్రం మేష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాగానే ఉందండీ. ఆ తీర్పు కాగితం మీ దగ్గరుందా?" అన్నారు.

లేదు. ఎప్పుడూ లేదు.

ఆ వారంలోనే ఇంకొక సంగతి తెలిసింది. సైన్యం వెళ్ళి నైజాం సరిహద్దు చెరిగిపోయాక ఇలాంటి ఎవరివీ కాని భూముల మీద హక్కులు విచారించడానికి ఒక అధికారి జగ్గయ్యపేటలో మకాం వేస్తున్నాడు. కాగితం దొరికితే మేష్టారికి జవాబూ దొరుకుతుంది, అరవై ఎకరాలూ దొరుకుతాయి. మా తాతగారి వెండి పిడి చేతికర్ర తీసుకుని బయలుదేరాను.

కంచికచర్ల దాకా

బెజవాడలో రైలు దిగితే అక్కడి నుంచి బస్సు. పెట్రోలు కరువు తీరిందని పత్రికలు రాస్తున్నాయి గాని ఆ దారికి ఆ కబురు చేరినట్టు లేదు. మేము ఎక్కింది బొగ్గు బస్సు. వెనకాల పీపా అంత పొయ్యి, అందులో బొగ్గులు రాజేసి ఆ వాయువుతో ఇంజను నడుపుతారు. టిక్కెట్టు రూపాయి రెండణాలు. ఆ డబ్బుకు కూర్చునే చోటు మాత్రమే ఇస్తారు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నెట్టడం మన వంతు.

నేను దిగలేదు. మా ఇంట్లో ఎవరూ బళ్ళు నెట్టలేదు. నా పక్కన కోళ్ళ గంప పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ దిగి, నెట్టి, చెమట తుడుచుకుంటూ మళ్ళీ ఎక్కి, "మీకు కాళ్ళు బాగాలేవా బాబూ?" అని జాలిగా అడిగింది. బాగానే ఉన్నాయన్నాను. "మరేంటో పాపం" అని కోళ్ళతో చెప్పుకుంది.

కంచికచర్ల ముందు బస్సు పూర్తిగా ఆగింది. పొయ్యిలో బొగ్గు కదపాలి, కదిపే ఇనప చువ్వ ఎక్కడో పడిపోయింది. కండక్టరు లోపలికి తొంగిచూసి, నా మోకాళ్ళ మధ్య నుంచి చేతికర్ర లాక్కుని వెళ్ళాడు. ఏమిటది అని నేను లేచేలోపల పొయ్యిలో పెట్టి కలిపేశాడు. బస్సు కదిలింది. కర్ర తిరిగి వచ్చేసరికి జానెడు మేర మసిబొగ్గు. "పిడికేం కాలేదులెండి" అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు, ముసలమ్మ కూడా. మిగతా ప్రయాణమంతా ఆ కర్ర నా తెల్ల పంచె మీద గీతలు గీస్తూనే ఉంది.

నందిగామ

పూటకూళ్ళ ఇంట్లో కూర్చోగానే "జొన్నన్నమా, వరన్నమా?" అని అడిగారు. బందరులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వరన్నం పన్నెండణాలు, జొన్నన్నం ఎనిమిది. వరన్నమే అన్నాను. పక్క విస్తళ్ళలో వేడి జొన్నన్నం మీద గోంగూర, పచ్చి ఉల్లిపాయ వేసుకుని తింటున్నారు. నా విస్తట్లో ముతక బియ్యం, నీళ్ళచారు. లేచి వెళ్ళేటప్పుడు నాకు ఆకలి తీరలేదు, వాళ్ళకు తీరింది.

కోర్టు ఎదురుగా వేపచెట్టు నీడన దస్తావేజులు రాసే సీతారామయ్య అనే ఆయన బల్ల వేసుకుని కూర్చుంటాడు. అధికారికి పెట్టవలసిన అర్జీ ఆయన చేత రాయించాను. నా కథ విని ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపడలేదు. కలం కింద పెట్టి, బల్ల అడుగునుంచి ఒక మూట తీశాడు.

నిరుడు, సైన్యం వెళ్ళకముందు, నైజాం తరఫువారు తమ తగాదాను ప్రపంచ కోర్టుకు పెడతామని అంటున్నట్టు పత్రికల్లో పడింది. అది సరిహద్దు పల్లెల్లో నోటినోటా పాకింది. రెండు రాజ్యాల తగాదాలు తీర్చే కోర్టు ఒకటి ఎక్కడో ఉన్నదట, ఎవరు పెట్టుకున్నా తీసుకుంటుందట అని జనం అనుకున్నారు. అవతలికి తోలుకుపోయిన గొర్రెలవాళ్ళు, అవతలి ఊరి అల్లుడు కాపరానికి తీసుకుపోని ఆడపిల్లల తండ్రులు, సరిహద్దు సుంకం నాకాలో సరుకు పోగొట్టుకున్న మిరపకాయల బేరగాళ్ళు, అందరూ వచ్చి సీతారామయ్య బల్ల ముందు కూర్చున్నారు. ఆయన వద్దనలేదు. పదిహేడు అర్జీలు రాశాడు. ఏ ప్రభుత్వం స్టాంపు అతికించాలో ఎవరికీ తెలియలేదు. ఆలోచించి, ఎందుకైనా మంచిదని ఎడమవైపు మన స్టాంపు, కుడివైపు నైజాం స్టాంపు అతికించి పంపించాడు.

"జవాబు వచ్చిందా?" అన్నాను.

ఒక్కదానికి వచ్చిందట. ఆ మనిషి అక్కడే నీడన చుట్ట కాల్చుకుంటున్నాడు. రెండు గేదెలను అవతలివాళ్ళు తోలుకుపోయిన రైతు. పిలవగానే వచ్చి, తలపాగాలోంచి మడత పెట్టిన అచ్చు కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఆ కోర్టు ముందు వాదులుగా గాని ప్రతివాదులుగా గాని రాజ్యాలే రాగలవని, మనుషులు రాలేరని అందులో రెండు వాక్యాలున్నాయి. చదివి అర్థం చెప్పబోయాను.

"అర్థం సీతారామయ్యగారు చెప్పారులెండి" అన్నాడతను. "పనికి రాదనేగా. అయినా చూడండి, నా గేదెల మీద అంత దూరం నించి కాయితం వచ్చింది. ఇక్కడోళ్ళు ఇన్నేళ్ళలో లేదని కూడా రాయలేదు."

కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో జాగ్రత్తగా మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. నేను సీతారామయ్యతో నా అర్జీ వేరే రకమని, నా దగ్గర తీర్పు ఉన్నదని చెప్పాను. "ఉందా?" అన్నాడాయన. దొరుకుతుంది అన్నాను. సంతకం తిరుగు ప్రయాణంలో పెడతానని అర్జీని ఆయన దగ్గరే ఉంచి బయలుదేరాను.

జగ్గయ్యపేట

ఊరి బయట తోపుల్లో ఇంకా మూడు రాళ్ళ పొయ్యిలు వరుసగా కనిపిస్తాయి. నిరుడు అవతలి నుంచి ప్రాణాలరచేత పెట్టుకుని వచ్చినవాళ్ళు నెలల తరబడి అక్కడే వండుకున్నారు. ఇప్పుడు వాళ్ళు వెళ్ళిపోయారు, రాళ్ళు మిగిలాయి. బజారులో రెండు నాణేలూ చెల్లుతున్నాయి. మన రూపాయిని కల్దారు అంటారు, నైజాం రూపాయిని హాలీ అంటారు. అణా కాఫీకి హాలీ ఇస్తే కొట్టువాడు వేళ్ళ మీద ఏదో లెక్క చూసి చిల్లర ఇస్తాడు. ఆ లెక్క నాకు బోధపడలేదు. రాజ్యం పోయినా నాణెం పోవడానికి వ్యవధి పడుతుందని మాత్రం తెలిసింది. మా ఇంటి సంగతీ అంతే, రాజ్యం పోయింది, కర్ర ఉంది.

మా నాన్నగారిని ఎరిగిన మిరపకాయల వర్తకుడు ఒకాయన ఇంట్లో దిగాను. ఊళ్ళో అందరూ ఆయన్ను శెట్టిగారనే పిలుస్తారు. కందిపొడి, నెయ్యి, మామిడికాయ పప్పుతో ఆ రోజు నిజంగా తిన్నాను. ఆ ఊరి నీళ్ళు మాత్రం సుద్ద నీళ్ళు, పప్పు ఉడకడానికి బందరులో కంటే రెట్టింపు కట్టెలు కావాలట.

భోజనమయ్యాక నేను వచ్చిన పని చెప్పాను. శెట్టిగారు చాలాసేపు వక్కలు కొరుకుతూ విన్నారు. తమకూ అలాంటి కోర్టు ఉండేదని చెప్పారు. తూకం పెంచడానికి మిరపకాయల మీద నీళ్ళు చల్లారని, సరుకు మార్చారని ఇవతలి వర్తకులకూ అవతలి వర్తకులకూ తగాదాలు వచ్చేవి. ఇద్దరు ఇక్కడివారు, ఇద్దరు అక్కడివారు కూర్చుని తేల్చేవారు. ఆ తీర్పు తప్పినవాడు తన ఎరుకలో లేడన్నారు.

"పోలీసులు లేకుండానా?" అన్నాను.

"పోలీసులెందుకండీ? మళ్ళీ శుక్రవారం సంత ఉంది కదా. ఆ మొహమే చూడాలి, ఆ కాటా దగ్గరే నిలబడాలి."

మా ఇంటివాళ్ళు సంతలకు వెళ్ళేవాళ్ళు కాదని, కాబట్టి ఆ పోలిక మాకు వర్తించదని నేను కాస్త గట్టిగానే అన్నాను.

"అదేనండీ నేననేదీ" అన్నారాయన, నొచ్చుకోకుండా. "సంతకు రావలసిన అవసరం లేనోళ్ళున్న చోటే ఆ కోర్టులు ఆగిపోయినై."

  తీర్పు కాగితం సంగతి మాత్రం ఆయనకు తెలుసు. అది గుండ్రాలపాడులో గోపయ్య అనే ముసలివాడి దగ్గర వెదురు గొట్టంలో ఉన్నదట. నెల క్రితం అధికారి వస్తున్నాడని విని గోపయ్య దాన్ని జగ్గయ్యపేట తెచ్చాడట. అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరం అక్షరానికి తగిలించి రాసే ఆ పాత రాత ఇప్పటి గుమస్తాలు చదవలేరు. ముగ్గురు నలుగురు చూసి తిప్పి ఇచ్చేశారు.

గోపయ్య ఎవరని అడిగాను.

"మన్ను మోసినాయన కొడుకేనండి" అన్నారు శెట్టిగారు.

గొలుసుకట్టు చదవడం నాకు మా నాన్నగారు నేర్పారు. ఆయన నాకు నేర్పినవాటిలో ఇన్నాళ్ళూ దేనికీ పనికిరానిది అదే.

వాగు

మర్నాడు ఎండెక్కకముందే శెట్టిగారి బండిలో వేములమెట్ట చేరాను. దివాణంలో మిరపకాయలు నిల్వ చేస్తున్నారు. మా నాయనమ్మ దేవుడి గది లోంచి వచ్చిన ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. కావలి మనిషి నీ పేరేమిటని అడిగాడు. చెప్పాను. "ఎవురి తాలూకు?" అన్నాడు. మళ్ళీ చెప్పబుద్ధి కాక వాగు వైపు నడిచాను.

వేసవి కాబట్టి వాగులో నీళ్ళు లేవు, అంతా ఇసుక. అవతలి ఒడ్డున మూతపడిన నాకా గది. నడుమ మా మేట. ఇన్నేళ్ళూ నేను మనసులో చూసుకున్నది పచ్చని మాగాణి. అక్కడ ఉన్నది దోసపాదులు, జొన్న మోళ్ళు, ఏడెనిమిది గుడిసెలు. జాగీర్దారు నిరుడు పారిపోగానే గుండ్రాలపాడువాళ్ళు వచ్చి దున్నుకున్నారు.

ఇసుకలో చెలమ తోడుతూ ఒక ముసలివాడు కనిపించాడు. గోపయ్య అంటే తనేనన్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు. నేనెవరో చెబితే చెంబు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. భయపడతాడో, తిడతాడో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"గొలుసు రాత మీకొస్తదా దొరా?" అన్నాడు.

వస్తుందన్నాను. గుడిసెలోకి వెళ్ళి గొట్టం తెచ్చాడు. నలుగురైదుగురు ఆడవాళ్ళు, మగవాళ్ళు దోసపాదుల్లోంచి లేచి వచ్చి ఇసుకలో కూర్చున్నారు. వాళ్ళ ఊరి కాగితాన్ని వాళ్ళెవరూ ఎన్నడూ వినలేదు. అది ఏమి చెబుతుందో వాళ్ళకు పెద్దల మాటగా తెలుసు, అక్షరంగా తెలియదు. అందులో ఏముందని నేను చెబితే అదే ఉన్నట్టు. ఆ సంగతి నాకు కాగితం విప్పుతున్నప్పుడే తట్టింది. తట్టిందని దాచను.

అయినా ఉన్నది ఉన్నట్టే చదివాను. నా మంచితనానికి కాదు, అది మాకు అనుకూలంగా ముగుస్తుందని ధైర్యం. ఆరుగురు పెద్దల పేర్లు. సాక్షుల మాటలు. వాగు పాత దారి మేటకు ఇవతలగా ఉండేదని చెప్పినవారిలో మా ఊరి కరణం కూడా ఉన్నాడు, అది మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మన్ను మోసిన మనిషి ఉపవాసం ఉండి, తడబడకుండా నడిచాడు. మేట గుండ్రాలపాడుది. మూడు పక్షాల షరతు. ఆరు సంతకాలు, అందులో మొదటిది మా తాతగారిది. ఇవతలి పెద్దల్లో ఆయనొకరు. తనకు వ్యతిరేకమైన తీర్పు మీద ఆయన సంతకం చేశారు.

దాని కింద వేరే సిరాతో రెండు పంక్తులు. "నలభై మూడో దినమున మన్ను మోసినవాని ఎద్దు చచ్చెను. తీర్పు రద్దు. మేట మాది." కింద ఒక్క సంతకం, మా తాతగారిదే. మిగతా అయిదుగురివీ లేవు. ఆ రెండు పంక్తులు చదివేటప్పుడు నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. కాగితం మీద ఉన్నదే చాలు. అధికారికి చూపించడానికి ఇంతకంటే ఏమి కావాలి?

 ఎద్దు ఎక్కడ చచ్చిందో రాసుందా అని గోపయ్య అడిగాడు. రాయలేదు గాని నాకు తెలుసు, మా చేలోనే వచ్చి పడింది అన్నాను. నాయనమ్మ ఆగినచోటే నేనూ ఆగాను.

"మీ జొన్న చేలో" అన్నాడు గోపయ్య. "ఆ యేడు వానల్లేక జొన్న గిడసబారి నాము పట్టింది. నాము పట్టిన జొన్న మేస్తే పశువు బతకదని ఈడ పిల్లలక్కూడా ఎరికే. పొద్దుగాల మా నాయిన వోయి సూసిండు. నేనూ ఎంట వోయిన. ఎద్దు మీ చేను నడుమ గుంజకు కట్టేసి ఉంది. నోటి నిండా జొన్నాకే."

అతనే మళ్ళీ అన్నాడు. "ఎద్దు దానంతటది చేన్లకు రావొచ్చు దొరా. దానంతటది గుంజకు కట్టేసుకోదు గదా."

ఆ రోజే వేములమెట్టలో వాళ్ళ గుడిసె పీకించారు. రద్దు పంక్తులు రాసి మా తాతగారు పారేసిన కాగితాన్నీ, పిల్లలనూ తీసుకుని వాళ్ళ నాన్న వాగు దాటి వచ్చేశాడు. తీర్పు గెలిచిన ఊరు ఒక్క పంట కూడా తీయలేదు. ముందు మా తాతగారు దున్నించారు, తరవాత జాగీర్దారు. ఆరుగురు పెద్దలు మళ్ళీ ఎన్నడూ ఇసుకలో కూర్చోలేదు. మీరు పశువును చంపితే తీర్పు మారిపోయేటప్పుడు ఇక మన్ను మోసేవాడెవడు అని అవతలివారు లేచిపోయారట.

ఇదంతా అబద్ధం అన్నాను. కూలిజనం కల్పించుకున్న కథ అన్నాను. గోపయ్య చెలమ దగ్గరికి వెళ్ళాడు. చెలమలోంచి రెండు దోసిళ్ళ తడిమన్ను తీసి ముద్ద చేశాడు.

"అబద్ధమైతే ఎత్తుకోండ్రి. మేట మీదని జెప్పి ఆ చివర దాకా నడవండ్రి. కాయితం మీకే ఇస్త. మూడు పక్షాలు గూడ వద్దు."

వాళ్ళంతా నన్ను చూస్తున్నారు. ఒక వెట్టివాడి కొడుకు నా నెత్తిన మన్ను పెడతాననడం వేరే రోజైతే నేను సహించేవాడిని కాదు. ఆ రోజు తలపాగా తీసి కూర్చున్నాను. అతను ముద్దను నా నడినెత్తిన పెట్టాడు. లేచాను. మన్ను చల్లగా ఉంది, ఎండకు హాయిగా కూడా ఉంది. నీళ్ళు చెవుల వెనకనుంచి కారి లాల్చీ మెడలోకి దిగాయి. మేట మాది అని మొదలుపెట్టాలి. తరవాత నడవాలి. అరవై ఎకరాల చివర దాకా నేరుగా ఇసుక బాట, అడ్డం ఏమీ లేదు.

మన చేలోనే, అనేది నాయనమ్మ. ఆ చేలోకి ఎద్దు ఎలా వచ్చిందని యాభై ఏళ్ళలో మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగకుండా పఠన మందిరంలో అందరికీ చెప్పాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒక్క అడుగు వెయ్యలేకపోయాను. చివరికి రెండు చేతులతో మన్ను దించి ఇసుకలో పెట్టాను. ఎవరూ నవ్వలేదు. ఒక ఆడమనిషి చెంబుతో నీళ్ళిచ్చింది, మొహం కడుక్కోవడానికి.

తరవాత గోపయ్య అడిగాడు, ఆ గొలుసు రాతను మామూలు అక్షరాల్లో రాసిస్తారా అని. రాశాను. మా తాతగారి రెండు పంక్తులు కూడా రాసి, వాటి కింద ఎద్దు గుంజకు కట్టి ఉండగా చచ్చిందని గోపయ్య చెప్పిన మాట రాసి, చదివి రాసినవాడు ఫలానావారి మనుమడు అని సంతకం పెట్టాను. కృతజ్ఞత చెప్పబోతే వద్దన్నాను. అది వాళ్ళ కోసం చేశానని వాళ్ళు అనుకోవడం నాకు ఇష్టం లేదు. జొన్నరొట్టె, దోసకాయ పచ్చడి పెట్టారు. ఈ ప్రయాణంలో నేను ఆకలి తీరా తిన్న రెండో భోజనం అది.

తిరుగు దారి

గోపయ్య నాతో జగ్గయ్యపేట దాకా వచ్చాడు. బండిలో ఎక్కమంటే ఎక్కలేదు, పక్కన నడిచాడు. అధికారి మకాంలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అధికారి యువకుడు, మర్యాదస్థుడు. గొట్టంలోని కాగితాన్నీ, నా నకలునూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ కోర్టు ఏ ప్రభుత్వానిదండీ?" అన్నాడు.

"రెండింటిదీ" అన్నాను.

"అంటే దేనిదీ కాదన్నమాట." కాగితాలను కట్ట అడుగున పెట్టాడు. ఎవరికీ పట్టా లేని భూమి కనుక అది ప్రభుత్వానిదే అవుతుందని, వేలం వేసినప్పుడు గుండ్రాలపాడువాళ్ళు కూడా పాడుకోవచ్చని వివరంగా చెప్పాడు. పాడుకోవడం అంటే ఏమిటో గోపయ్య నన్ను అడిగాడు. చెప్పాను. అతను తల ఊపి, గొట్టం తిరిగి ఇప్పించమన్నాడు. అసలు కాగితం మకాంలో ఉండాలన్నారు. ఖాళీ గొట్టం ఇచ్చారు. అది చంకన పెట్టుకుని అతను వాగు వైపు వెళ్ళిపోయాడు.

నందిగామలో సీతారామయ్య నా అర్జీ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. చింపెయ్యమన్నాను. ఆయన చింపలేదు. స్టాంపు పనికి వస్తుందని నెమ్మదిగా ఊడదీసుకున్నాడు. గేదెల రైతు అక్కడే ఉన్నాడు. కాగితం దొరికిందా అన్నట్టు తలెగరేశాడు. దొరికిందన్నాను. "మంచిదే" అని తలపాగా తడుముకున్నాడు.

ఎత్తు దగ్గర బస్సు ఆగినప్పుడు దిగి నెట్టాను. కాలిన కర్ర బస్సులోనే ఉంచాను.

బందరు వచ్చిన నాలుగో రోజున పఠన మందిరానికి వెళ్ళాను. మేష్టారు పత్రిక దించి, తీర్పు దొరికిందా అని అడిగారు. దొరికిందన్నాను.

"మీరే గెలిచారా?"

"లేదు. మేము ఓడిపోయాం. సరిగానే ఓడిపోయాం."

ఆయన కాస్త తబ్బిబ్బయ్యారు. ఏడాదిగా సాగిన వాదం తన వైపు తిరుగుతున్నదని తోచి కాబోలు, నన్ను నొప్పించకుండా నెమ్మదిగా అడిగారు.

"అయితే ఆ కోర్టు పనిచేసినట్టేగా?"

"పనిచేసింది" అన్నాను. "నలభై మూడు రోజులు."